కుశీలవులు

కురుక్షేత్ర సంగ్రామము ముగిసెను. గంగాతీరమున మృతబంధువులకు తిలోదకములు విడుచుటయు ముగిసెను. ఉత్తర గర్భమునందలి శిశువును బ్రహ్మాస్త్రజ్వాల నుండి కాపాడి, ద్వారకకు ప్రయాణమైన శ్రీకృష్ణుని యెదుట మేనత్త కుంతీదేవి నిలిచి స్తుతించినది. భాగవత ప్రథమస్కంధములోని ఈ స్తుతి పోతనామాత్యుని ద్వారా తెలుగువారి యింటింటికి చేరినది. నిత్యము పారాయణము చేయువారు సైతము తరచుగా దాటిపోవు విశేషమొకటి అందులో కలదు. స్తుతి మొదట ఆమె కృష్ణుని నటునితో పోల్చినది. వేషము ధరించిన నటుని తెలివిలేనివారు గుర్తింపలేనట్లు, మాయ యను తెర మాటున నున్న నిన్ను మూఢదృష్టి కనలేదని యామె భావము. మరికొంత దూరము సాగిన పిమ్మట అదే నోట అతని బాల్యమును తలచుకొన్నది. కుండ పగులగొట్టిన తప్పునకు యశోద త్రాడు చేతబట్టగా, కాటుక కలిసిన కన్నీరు కండ్ల నిండ, తల వంచుకొని బెదరుచు నిలిచిన ఆ బాలుని రూపము, భయమును సైతము భయపెట్టువాని రూపము, తన బుద్ధిని మోహపెట్టుచున్నదని పలికినది.

కుంతి వ్రేపల్లెలో నుండి యీ దృశ్యమును చూచినది కాదు. విన్నదే. అయినను కండ్లార చూచినదానివలె చెప్పినది.

ఆ కన్నీరు నటనయా, నిజమా? నటన యన్నచో యశోద మోసపోయినట్లగును. తల్లిని మోసగించిన కన్నీరు భక్తులకు ధ్యానవస్తువు ఎట్లగును? నిజమన్నచో జగములనేలు స్వామి ఒక గొల్లయిల్లాలి చేతి త్రాటికి బెదరినాడని ఒప్పుకొనవలసియుండును. కుంతి ఈ రెంటిలో దేనిని నిర్ణయింపలేదు. మోహము కలుగుచున్నదని మాత్రమే చెప్పి ఊరకున్నది. ఇదంతయు లీల యని ఒక్కమాటతో ముగించువారు కలరు. లీల యనుట తప్పు కాదు గాని, అది ప్రశ్నకు మరియొక పేరే యగును గాని సమాధానము కాదు.

పిల్లల ఆటను ఓపికతో చూచినవారికి ఈ చిక్కు కొంత విడును. చిన్నపిల్ల లక్కపిడతలో ఇసుక పోసి, అన్నము వండితినని తాతగారికి వడ్డించును. తాతగారు తిన్నట్లు పెదవులు కదిపినచో సంతోషించును. ఆయన పరాకున నిజముగనే ఇసుకను నోటిదాక తీసికొనిపోయినచో చేయి పట్టుకొని ఆపును. ఇసుక యని ఆమెకు తెలియును. అన్నమనుటయు ఆమెకు నిజమే. ఈ రెండు తెలివులు ఆ చిన్న మనస్సులో ఒకదాని నొకటి త్రోసికొనక పక్కపక్కన కూర్చుండును. తర్కశాస్త్రమున దీనికి చక్కని పేరున్నది: ఆహార్యజ్ఞానము. ఇది అది కాదని నిశ్చయముగా తెలిసియుండియు, కోరి తెచ్చిపెట్టుకొను జ్ఞానమని దాని యర్థము. త్రాటిని చూచి పామనుకొనుట భ్రాంతి. అది కోరకయే కలుగును, తెలిసినంతనే పోవును. త్రాడని తెలిసి, ఎదుటివానిని బెదరించి వాని మూట కాజేయుటకు పామని అరచుట అబద్ధము. ఆహార్యజ్ఞానము ఈ రెంటిలో ఏదియు కాదు. భరతముని నటుని నాలుగు విధములైన అభినయములను చెప్పుచు వేషభూషణాదులకు ఆహార్యమనియే పేరు పెట్టుట గమనింపదగినది. తార్కికుడును నాట్యాచార్యుడును వేర్వేరు ప్రయోజనములకు ఒక్కమాటనే ఎన్నుకొన్నారు. తెచ్చిపెట్టుకొన్నది యని తెలిసియే ధరించుట రెండుచోట్లను సమానము.

ఈ దృష్టితో చూచినచో యశోద యెదుటి కన్నీరు మోసము కాదు. బాలకృష్ణుడు తాను కోరి తెచ్చుకొన్న భయముతో నిజముగనే భయపడినాడు. ఆ కన్నీటితో ఆమె వద్ద కొల్లగొట్టవలసినది ఏమున్నది? వెన్న అప్పటికే కోతి పాలైనది.

వేషమునకు సత్యాసత్యములు వేషమునందు లేవు, అది దేనికొరకు వేయబడినదో అందున్నవి. భాగవతము దీనిని సిద్ధాంతముగా చెప్పక, దశమస్కంధములోని ఒకే అధ్యాయమున రెండు చిత్రములు ప్రక్కప్రక్కన నిలిపి చూపినది. గోపబాలురు చల్దిమూటలతో అడవికి పోవుదురు. తుమ్మెదలతో కలిసి ఝంకారము చేయుదురు, కోకిలలతో కూయుదురు, ఎగురు పక్షుల నీడల వెంట పరుగెత్తుదురు, కొంగల ప్రక్కన కొంగలవలె కదలక కూర్చుందురు, నెమళ్ళతో ఆడుదురు, కోతులను చూచి పండ్లికిలింతురు, కప్పలతో గంతులు వేయుదురు, నీటిలో తమ నీడలను చూచి నవ్వుదురు, తమ మాటకు తిరిగివచ్చిన ప్రతిధ్వనిని తిట్టుదురు. ఇంత నటన ఒక్క ఉదయమున జరిగినది. కొంగవలె కూర్చున్న బాలుడు ఏ చేపను మ్రింగలేదు. అంతలో అఘాసురుడు కొండచిలువ రూపమున దారికి అడ్డముగా నోరు తెరచి పండుకొనెను. వాడును వేషధారియే. బాలురు ఆ నోటిని చూచి, ఈ గుహ ఎంత చక్కగా కొండచిలువ నోటివలె ఉన్నదో యని ముచ్చటించుకొన్నారు! పై పెదవి యెఱ్ఱని మేఘమువలె నున్నదనియు, నాలుక బాటవలె నున్నదనియు వర్ణించుకొనుచు, నిజమును ఉపమానముగా భావించి, చప్పట్లు చరచుచు నవ్వుచు లోపలికి నడచిపోయిరి. ఆడుట మాత్రమే తెలిసినవారికి, ఎదుటివాడు మ్రింగుటకు వేషము వేయగలడని తోచదు. వారిని వెలికి తెచ్చుటకు కృష్ణుడు తానును ఆ నోటిలో ప్రవేశింపవలసివచ్చినది.

బాల్యపు ఆట ఏ క్షణమున ఆటగా ఉండుట మానునో కుంతికంటె ఎక్కువ తెలిసినవారు లేరు. కన్యగా నున్నప్పుడు దుర్వాసుడు ఉపదేశించిన మంత్రము పనిచేయునో లేదో చూతమని, పిల్లలు క్రొత్త ఆటవస్తువును పరీక్షించునట్లు, సూర్యుని పిలిచినది. ఆయన వచ్చినాడు. కర్ణుడు పుట్టినాడు. పెట్టెలో పెట్టి నీటిపై విడిచినది. ఆనాటి నుండి ఆమెకు నటన ఆట కాలేదు. అస్త్రవిద్యా ప్రదర్శన రంగమున ఇరువురు కొడుకులు ఎదురెదురుగా నిలిచినప్పుడు మూర్ఛిల్లి, తెలివివచ్చిన పిమ్మట సైతము నోరు విప్పలేదు. యుద్ధము ముగిసి తిలోదకములు విడుచునపుడు గాని, కర్ణునకు కూడ నీరు విడువుము, అతడు నీ యన్న యని ధర్మరాజునకు చెప్పలేదు. ఆ గంగాతీరము దాటివచ్చిన కుంతియే కృష్ణుని నటుడని పిలిచి, వెంటనే అతని బాల్యమును తలచుకొన్నది. భారతకథను దృష్టిలో నుంచుకొని ఆ స్తుతిని చదివినచో, వేషమును దించుకొనుటకు ఒక జీవితకాలము పట్టిన స్త్రీ, వేషము బరువు కాని బాలుని చూచి ఎందులకు దిగ్భ్రమ చెందినదో తెలియును.

నాట్యము పుట్టినది కూడ ఆటవస్తువుగనే. నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున ఇంద్రాది దేవతలు బ్రహ్మను సమీపించి, కన్నులకును చెవులకును విందైన క్రీడనీయకము కావలెనని అడిగిరి. క్రీడనీయకమనగా ఆటబొమ్మ. నాలుగు వేదముల నుండి సారమును గ్రహించి బ్రహ్మ ఆ బొమ్మను చేసి, భరతునకు అప్పగించి, అతని నూర్గురు కుమారులచే ఆడించెను. తొలి నటులు ఒక తండ్రి పిల్లలు. అదే గ్రంథము చివర ఆ కుమారులకు విద్యాగర్వము పెరిగి, ఋషులను వెక్కిరించు ప్రహసనములు కట్టి శాపగ్రస్తులైరని కూడ చెప్పబడినది. కప్పను అనుకరించు పిల్లవాడు కప్పను అవమానింపడు. అనుకరణ ఎదుటివానిని తగ్గించుటకు దిగినప్పుడు ఆటబొమ్మ ఆయుధమైనది.

ధర్మశాస్త్రకారులు నటుని నమ్మకపోవుటకు ఇట్టి కారణములే ఉండవచ్చును. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున న్యాయసభలో సాక్షులుగా పనికిరానివారిని లెక్కించుచు ఒక శ్లోకమున కుశీలవుని, అనగా నటుని, ఆ మరుసటి శ్లోకమున శిశువును చేర్చినాడు. నటునికిని శిశువునకును శాస్త్రము ఇంత దగ్గరగా పీట వేసిన చోటు మరియొకటి కనబడదు. దీనిని నింద యని తొందరపడరాదు. అదే పట్టికలో రాజును, శ్రోత్రియుడును, సన్న్యాసియు ఉన్నారు. శిశువు మాట నిలకడ లేనిదని మనువు కారణము కూడ చూపినాడు. న్యాయసభకు ఒకే యర్థము గల మాట కావలెను. ఇసుకయు అన్నమును ఒక్కసారిగా నిజమైనచోట న్యాయాధిపతి తీర్పు చెప్పలేడు. దేవాలయమునకు ఆ యిబ్బంది లేదు. శిలయని తెలిసి దేవుడని కొలుచుటయే అక్కడి ధర్మము. న్యాయసభ వెలివేసిన ఈ ఇరువురిని దేవాలయ ప్రాంగణము పిలిచి పీట వేయుటకు ఇదియే కారణము కావచ్చును.

కాశికి ఎదుటి గట్టున రామనగరములో ఏటేట 31 దినములు రామలీల జరుగును. రామలక్ష్మణ భరతశత్రుఘ్నులుగాను సీతగాను బ్రాహ్మణ బాలురే ఉందురు. గొంతు ఇంకను మారని వయస్సువారినే ఎన్నుకొందురు. వారిని నటులని పిలువరు, స్వరూపములందురు. కిరీటము తలపై నున్నంతవరకు ఆ బాలుడు రాముడే. భక్తులు భుజములపై మోసికొని తిరుగుదురు. రాత్రి హారతివేళ కాశీరాజు సైతము చేతులు జోడించును. మైకులు, విద్యుద్దీపములు లేకుండ వేలమంది యెదుట ఆ లేతగొంతు వినబడవలెను. వ్యాసులని పిలువబడు శిక్షకులు ప్రక్కన పుస్తకముతో నిలిచి మాట అందింతురు. గొంతు మారినచో మరియొక బాలుడు. ఇందు పెద్దలు ఆలోచింపవలసిన ధర్మమొకటి యున్నది. నెల దినములు దేవుడుగా పూజలందుకొన్న పిల్లవాడు ఇంటికి పోయి మరల పలక పట్టవలెను. కిరీటము దింపుట తెలియని పెద్దవారు లోకమున ఎందరో కలరు. ఆ దింపుకోలు పదేండ్లవానికి నేర్పవలసిన బాధ్యత కిరీటము పెట్టినవారిదే.

తంజావూరు మండలమున మెలట్టూరు అను గ్రామము కలదు. నాయకరాజుల కాలమున అక్కడ నిలిచిన తెలుగు కుటుంబముల భాగవతమేళ సంప్రదాయము నేటికిని వరదరాజస్వామి ఆలయము ముంగిట సాగుచున్నది. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములలో ప్రహ్లాదచరిత్రము నృసింహజయంతినాడు ఆడబడును. నాటకారంభమున ఒక బాలుడు గణపతి ముఖము ధరించి వచ్చి నర్తించి పోవును. నాటకాంతమున ఒక పెద్దవాడు నరసింహుని ముఖము ధరించును. ఆ ముఖము నిత్యము పూజలందుకొనునది, ధరించువాడు ఉపవాసముండవలెను, ఆవేశము మించినపుడు పలువురు పట్టి నిలుపవలసివచ్చును. ఇరువురును ధరించునది దేవుని ముఖమే. పెద్దవానికి తన్ను తాను ఖాళీ చేసికొనుటకు ఒక వ్రతము కావలసినది. పిల్లవానికి ముఖము సరిపోయినచో చాలును.

ఆ నాటకపు కథానాయకుని సంగతి ఇంకను చిత్రమైనది. ప్రహ్లాదుడు ఆటవస్తువులను విడిచిన బాలుడని సప్తమస్కంధము చెప్పుచున్నది. నటించుట చేతకాని బాలుడతడు. చండామార్కులు చెప్పిన పాఠమును తండ్రి యెదుట రెండు నిమిషములు అప్పగించినచో గండము గడచును. గురువులు సంతోషింతురు, తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొనును. మనస్సులో హరిని తలచుకొనుచు పైకి వేరొకటి పలుకుట పెద్దవారికి నిత్యకృత్యము. అయిదేండ్ల ప్రహ్లాదుడు పలుకలేకపోయినాడు. తెలుగువారి తొలి వాక్చిత్రము 1932 నాటి భక్త ప్రహ్లాద. 1967 నాటి భక్త ప్రహ్లాదలో బాలనటి రోజారమణి ఆ పాత్రను ధరించినది. నాటకశాలలోను చలనచిత్రములోను తరతరములుగా ఎందరో పిల్లలు ప్రహ్లాదులైరి. ప్రాణము మీదికి వచ్చినను నటింపని బాలుని కథను పిల్లలకు నటింపనేర్పుచున్నామని ఆ పెద్దలలో ఎందరికి తోచినదో! అయినను ఈ వైరుధ్యము వలన ఏ పిల్లవాడును చెడలేదు. పిల్లవానికి అది వైరుధ్యము కాదు.

చెడుట ఎచ్చట ఆరంభమగునో తెలియుటకు రామాయణమునకు పోవలెను. సంస్కృతమున నటునికి, గాయకునికి కుశీలవుడని పేరు. కుత్సితమైన శీలము గలవాడని కొందరు విడదీయుదురు. అది నటులను గిట్టనివారి వ్యుత్పత్తి. సీతాకుమారులు కుశుడును లవుడును. ద్వంద్వసమాసమున కుశలవులు కావలెను గాని వాల్మీకి బాలకాండమున వారిని కుశీలవులనియే పిలిచినాడు. ఆర్షప్రయోగమని వైయాకరణులు సరిపెట్టుకొందురు గాక. లోకమునందలి నటగాయకులందరి పేరును ఈ ఇరువురు బాలుర పేరులో ఇమిడ్చి పలుకుట మహర్షికి ఇష్టమైనదని తలచుట ఉచితము.

గోమతీతీరమున నైమిశారణ్యములో రాముడు అశ్వమేధము చేయుచున్నప్పుడు ముని ఆ బాలురను గానమునకు పంపెను. పంపుచు చెప్పిన జాగ్రత్తలు ఉత్తరకాండలో కలవు. ఈ పండ్లు తినుచు పాడుడు, శ్రమ కలుగదు, స్వరము చెడదు అన్నాడు. దినమునకు ఇరువది సర్గలు పాడవలెనని హద్దు పెట్టినాడు. ధనమునకు ఆశపడరాదు, పండ్లును దుంపలును తిని ఆశ్రమమున బ్రదుకువారికి ధనముతో పనియేమి యన్నాడు. మీరెవరి బిడ్డలని రాజు అడిగినచో వాల్మీకి శిష్యులమని మాత్రమే చెప్పుడన్నాడు. రాజు ధర్మమున సర్వప్రాణులకు తండ్రి గనుక ఆయనను అవమానింపకుడన్నాడు. ఆయనయే మీ కన్నతండ్రి యని మాత్రము ఆ ఉపదేశములో లేదు. తెలిసియున్నచో ఆ గానము దావా యగును. ప్రతి శ్లోకమును ఏదో ఒకటి యడుగును. ఏమియు అడుగని గానముగా దానిని ఉంచుటకే ముని ఆ ఒక్క మాటను తనయందే దాచుకొనెను కాబోలు.

భారత ప్రభుత్వము 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లు నిండని పిల్లలు చదువునకు భంగము కలుగకుండ కళాకారులుగా పనిచేయుటకు అనుమతించినది. 2017 నాటి నియమముల ప్రకారము దినమునకు 5 గంటలకు మించి పనిచేయింపరాదు. విరామము లేకుండ 3 గంటలు దాటరాదు. పిల్లవాని ఇష్టమునకు విరుద్ధముగా చేయింపరాదు. సంపాదనలో కనీసము 20 శాతము వాని పేరనే బ్యాంకులో నిలువ చేయవలెను. ఇరువది సర్గల హద్దు పెట్టిన మునికి ఈ నియమములు అపరిచితములుగా తోచవు. అయితే ముని పెట్టిన మరియొక నియమము ఏ ప్రభుత్వమును వ్రాయజాలనిది: పంపిన పెద్దవానికి ఆశ ఉండరాదని.

టెలివిజను పోటీలలో ఏడేండ్ల పిల్ల, అర్థము తెలియని శృంగారగీతమును అర్థము తెలిసిన కనుసన్నలతో పాడును. ఆ కనుసన్నలు ఆమె కోరి తెచ్చిపెట్టుకొన్నవి కావు, పెద్దవారు తెచ్చి పెట్టినవి. సభ చప్పట్లు చరచును; తల్లిదండ్రులు పొంగిపోవుదురు. వారిని దుర్మార్గులనరాదు. గుహ అందముగా ఉన్నది, పై పెదవి మేఘమువలె ఉన్నది. మార్కులు తగ్గి పోటీ నుండి తొలగింపబడినప్పుడు ఆ పిల్ల ఏడ్చును. ఆ కన్నీరు నటన కాదు. దానిని పట్టుటకు కెమెరా మరింత దగ్గరకు వచ్చును. యశోద చేత కూడ ఒక బెత్తముండెను. బాలుడు భయపడుచున్నాడని తెలిసిన క్షణమున ఆమె దానిని పారవేసెనని భాగవతము.

నైమిశమున ఆనాటి గానము జరిగినది. జటలును నారచీరలును లేకున్నచో ఈ బాలురకును రామునికిని భేదమే కనబడకుండెనని సభలోనివారు చెవులు కొరుకుకొనిరి. ఇరువది సర్గలు ముగిసిన పిమ్మట రాముడు పదునెనిమిదివేల సువర్ణములు ఇప్పింపబోయెను. బాలురు పుచ్చుకొనలేదు. అడవిలో పండ్లు తినువారము, బంగారముతో మేమేమి చేయుదుమని ఆశ్చర్యముతో అడిగిరి. ఈ కావ్యమెంత, దీనిని చేసినదెవరని రాముడు ప్రశ్నించెను. వారు తమ గురువుపేరు చెప్పి, సెలవు తీసికొని, ముని దిగియున్న చోటికి నడచిపోయిరి.